దత్తత, ఫోస్టర్ కేర్ సినిమాలు: శిక్షణలో ఏ ముక్క చూపించాలి, ఎక్కడ ఆపాలి?

మూడోవరుస
దత్తతకో, తాత్కాలిక పెంపకానికో (ఫోస్టర్ కేర్) సిద్ధమవుతున్న దంపతులకు మూడు తరగతులు, ఒక్కోటి రెండు గంటలు. అందులో సినిమాకి నలభై నిమిషాలకు మించి దొరకదు, మిగతాదంతా చర్చే. కాబట్టి పూర్తి సినిమాలు కాదు, ముక్కలు కావాలి. నాలుగో తరగతి వేరు. అది దత్తత వచ్చిన ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు. పెద్దవాళ్లు పక్కనే ఉంటారు, ఒక సినిమా మొత్తం వేస్తాం. 'చూస్తే కన్నీళ్లు ఆగవు' అనే జాబితాలు నెట్‌లో బోలెడు ఉన్నాయి, అవి వద్దు. ఏ సినిమా దేన్ని సరిగ్గా పట్టుకుందో, ఎక్కడ జారిందో తెలిసినవాళ్లు చెప్పండి.

నీలిగోడ
ఒక్క ప్రశ్న అడిగితే సగం జాబితా దానంతటదే రాలిపోతుంది: సినిమాలో పిల్ల మారడానికి కారణంగా ఏం చూపించారు? ఒక రాత్రి వెక్కి వెక్కి ఏడ్చి, అమ్మ కౌగిలించుకోగానే మర్నాటి నుంచి బుద్ధిగా బడికి వెళ్తే, ఆ సినిమా మీకు పనికిరాదు. అది చూసి వెళ్లిన దంపతులు మూడో నెలలో 'మా ప్రేమలోనే ఏదో లోపం ఉంది' అనుకుంటారు.

మొదటి తరగతికి ఇన్‌స్టంట్ ఫ్యామిలీ (2018) పెట్టుకోండి. దర్శకుడు షాన్ ఆండర్స్ ముగ్గురు తోబుట్టువులను దత్తత తీసుకున్న తన అనుభవం మీద కట్టిన కథ. కామెడీయే గానీ రెండు విషయాలు బాగా పట్టుకుంది. పిల్లలు వచ్చిన కొత్తలో అతి బుద్ధిగా ఉంటారు. కొత్త ఇంట్లో ఎంతవరకు నడుస్తుందో తెలియనప్పుడు ఎవరైనా అలాగే ఉంటారు. దాన్నే ఈ రంగంలో హనీమూన్ దశ అంటారు. తర్వాత భోజనాల బల్ల దగ్గర చిప్స్ కోసం చిన్నదాని రభస. ఆ రెంటినీ పక్కపక్కన వేయండి. గొడవ మొదలైందంటే పిల్ల చెడిపోయిందని కాదు, 'ఇక్కడ గొడవ చేసినా పంపేయరేమో' అని పరీక్షించే ధైర్యం వచ్చిందని. ఈ మాట ఉపన్యాసంలో చెబితే ఎక్కదు, ముక్క చూశాక చెబితే ఎక్కుతుంది.

వానాకాలం
ఆ సినిమా మీద నాకు పేచీ ఉంది. చివర కోర్టు హాలు, న్యాయమూర్తి, అందరూ కలిసి ఫొటో. దత్తత ఉత్తర్వు రావడమే ముగింపు అన్నట్టు ఉంటుంది. కన్నతల్లికి దక్కినవి కొన్ని నిమిషాలు. అవి కూడా ఆమె రాలేకపోయిందని చెప్పడానికే. పెంచుకోబోయేవాళ్లకు ఇది చాలా హాయైన సినిమా. అంత హాయి నాకు అనుమానం.

నీలిగోడ
ఒప్పుకుంటాను. అందుకే ముక్క అన్నాను. చివరి కోర్టు సీన్ వేయకండి. పిల్లల్ని కన్నతల్లికి తిరిగి ఇచ్చేయాలన్న విచారణ దగ్గర ఆపి, 'ఇప్పుడు మీరు ఎవరి పక్షం?' అని అడగండి. గది రెండుగా చీలుతుంది. తరగతికి కావలసింది అదే. ఫోస్టర్ కేర్ అసలు ఉద్దేశం పిల్లని కన్నవాళ్ల దగ్గరికి క్షేమంగా చేర్చడం. అది కుదరనప్పుడే దత్తత మాట. ఈ వరస తెలియకుండా వచ్చేవాళ్లే ఎక్కువ.

చిన్నక్షరం
దానికో చిన్న జోడింపు. అమెరికా సినిమాల్లో అందరూ కోర్టు తేదీల వెంట ఎందుకు పరుగులు తీస్తారో చూసేవాళ్లకు అర్థం కాదు. 1997లో వచ్చిన సమాఖ్య చట్టం ప్రకారం, గత 22 నెలల్లో 15 నెలలు పిల్ల ఫోస్టర్ కేర్‌లో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, కన్నవాళ్ల హక్కుల రద్దుకు రాష్ట్రం పిటిషన్ వేయాలి. అంటే తల్లి వ్యసనం నుంచి తేరుకోవడానికి గడియారం పెట్టారన్నమాట. దిస్ ఈజ్ అస్ సీరియల్‌లో (2016–2022) ఫోస్టర్ పిల్ల డేజా కథ కూడా ఈ నీడలోనే నడుస్తుంది: రెండో సీజన్‌లో వస్తుంది, తల్లి దగ్గరికి తిరిగి వెళ్తుంది, అక్కడ నిలవలేక మళ్లీ వస్తుంది. వెళ్లడం, రావడం రెండూ చూపించిన టీవీ కథలు తక్కువ. అయితే తరగతిలో ముక్కగా వేయడం కష్టం, ముందు వెనకలు లేకపోతే తేలిపోతుంది. ఇంట్లో చూడమని చెప్పండి.

సబ్‌టైటిల్
నేను కథ కాదు, తీసిన పద్ధతి గురించి చెబుతాను. బాల్యపు గాయాన్ని సినిమా ఎలా గుర్తు చేసుకుంటుందో చూడండి. ఎక్కువ సినిమాల్లో తెర మసకబారుతుంది, వీణ మోగుతుంది, జరిగిందంతా మొదటి నుంచి చివరి దాకా వరసగా, మాటలతో సహా వస్తుంది. భయంలో పడ్డ జ్ఞాపకం అలా ఉండదు. ఒక వాసన, ఒక రంగు, ఎవరిదో చెయ్యి. ముందూ వెనకా ఉండదు. శరీరానికి ముందు తెలుస్తుంది, మాట తర్వాత వస్తుంది.

సరిగ్గా తీసినవి మూడు చెబుతాను. జర్మన్ సినిమా సిస్టమ్ క్రాషర్ (2019, నోరా ఫింగ్‌షైట్): తొమ్మిదేళ్ల బెన్నీ ముఖాన్ని తల్లి తప్ప ఎవరు ముట్టుకున్నా విరుచుకుపడుతుంది. ఆ క్షణంలో తెర గులాబీ రంగులో తెగిపోతుంది, ముక్కలు మెరిసి పోతాయి, వివరణ ఉండదు. లయన్ (2016): ఇండియా నుంచి దత్తత వెళ్లి ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో పెరిగి పెద్దవాడైన సరూ ఒక వంటగదిలో జిలేబి చూసి నిలబడిపోతాడు. ఇరవై ఏళ్ల కిందటి అన్న, రైల్వే స్టేషన్ అన్నీ ఆ ఎర్రటి చుట్టల్లోంచి వస్తాయి. ఇక మూడోది ఎవరూ ఊహించరు, కుంగ్‌ఫూ పాండా 2 (2011). పోరాటం మధ్యలో శత్రువు కవచం మీది గుర్తు కనబడగానే హీరో పాండా, పేరు 'పో', స్తంభించిపోతాడు, దెబ్బ తింటాడు. తెలివిలేక కాదు, ధైర్యం లేక కాదు. ట్రిగ్గర్ (పాత భయాన్ని ఒక్కసారిగా లేపే గుర్తు) అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి దీనికంటే తేలికైన ముప్పై సెకన్లు నాకు తెలియదు.

వానాకాలం
పాండా మాట నిజం. పైగా అందులో పెంచిన తండ్రి పింగ్ ఒక బాతు. 'నేను నీ అసలు నాన్నను కాను' అని చెప్పలేక గింజుకునే సీన్ కామెడీగా మొదలై, పసివాడు దొరికిన ముల్లంగి పెట్టె దగ్గరికి వచ్చేసరికి కామెడీగా మిగలదు. కొడుకు ఎలుగు, తండ్రి బాతు, ఊళ్లో అందరికీ తెలుసు, వాడికొక్కడికే చెప్పలేదు. చాలా ఇళ్లలో సరిగ్గా ఇదే జరుగుతుంది.

పాతరీలు
అందరూ కొత్త సినిమాల దగ్గరే ఆగిపోయారు. ఈ విషయం మీద అన్నింటికంటే బలమైనవి కథాచిత్రాలు కావు, బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ తీసిన పరిశీలన చిత్రాలు. 1952లో మొదటిది: రెండేళ్ల లారా హెర్నియా ఆపరేషన్‌కు ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. పిల్ల గుక్కపట్టి ఏడవదు. అదే భయపెడుతుంది. ముఖం బిగబట్టుకుని 'అమ్మ కావాలి' అని మెల్లగా అంటుంది, మళ్లీ ఊరుకుంటుంది. ఏడుపు సీన్లు ఏరి చూపించారనే మాట రాకుండా, షూటింగ్ వేళలు ముందే నిర్ణయించుకుని, గడియారం కూడా ఫ్రేములో పెట్టారు.

ఆ తర్వాత భార్య జాయిస్‌తో కలిసి 1960ల చివర మొదలుపెట్టిన చిత్రాల వరస మీకు నేరుగా పనికొస్తుంది. నలుగురు పిల్లల్ని జాయిస్ ఒక్కొక్కరిగా తన ఇంట్లోనే తాత్కాలికంగా పెంచింది. ఐదోవాడు జాన్, పదిహేడు నెలలవాడు, తల్లి రెండో కాన్పుకు వెళ్తే తొమ్మిది రోజులు శిశు సంరక్షణాలయంలో ఉన్నాడు. అక్కడి ఆయాలు చెడ్డవాళ్లు కారు. కాకపోతే షిఫ్టు మారినప్పుడల్లా మనిషి మారుతుంది. జాన్ మొదట ఒక ఆయాను ఎంచుకుంటాడు, ఆమె వెళ్లిపోతుంది. ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు, ఆమెకు ఇంకో పిల్లాడు అడ్డం. చివరికి ఒక పెద్ద టెడ్డీబొమ్మను పట్టుకుని పడుకుంటాడు. తొమ్మిదో రోజు తల్లి వచ్చి ఎత్తుకోబోతే విదిలించుకుంటాడు.

జాయిస్ దగ్గర ఉన్నవాళ్లకు కూడా బెంగ ఉంది, కానీ ఇలా కుప్పకూలలేదు. తేడా ఎక్కడంటే: ముందే పరిచయాలు, ఇంటి నుంచి తెచ్చిన సొంత వస్తువులు, తల్లి గురించి రోజూ మాట, రోజంతా ఒకే మనిషి. తాత్కాలికంగా పెంచేవాళ్లు రాసి గోడకు అంటించుకోవలసిన నాలుగు విషయాలు ఇవే.

వానాకాలం
పాతరీలు గారూ, జాన్ చిత్రం మొదటి తరగతిలో వేస్తే సగం మంది రెండో తరగతికి రారు.

పాతరీలు
మూడో తరగతిలో వేయమనే నా ఉద్దేశం. పది నిమిషాలు చాలు: మొదటి రోజు కొంచెం, ఐదో రోజు కొంచెం, చివర తల్లి రాక. మధ్యలో మీరేమీ మాట్లాడకండి.

నీలిగోడ
రెండో తరగతికి షార్ట్ టర్మ్ 12 (2013). ఇంట్లో ఉండలేని టీనేజీ పిల్లల్ని ఉంచే గృహం కథ. దర్శకుడు డెస్టిన్ డేనియల్ క్రెటన్ అలాంటి గృహంలో పనిచేసినవాడు. అది చిన్న చిన్న నియమాల్లో కనబడుతుంది. పిల్లాడు గేటు దాటి పరిగెత్తితే సిబ్బంది ముట్టుకోకూడదు, పక్కన నడుస్తూ మాట్లాడాలి. గేటు లోపల అయితే పట్టుకోవచ్చు. ఆ గేటు గీత గురించే అరగంట చర్చ నడుస్తుంది.

రెండు ముక్కలు తీసుకోండి. సిబ్బందిలో కొత్తగా చేరిన నేట్, పిల్లల ముందు తనను పరిచయం చేసుకుంటూ నోరుజారి వాళ్లను 'దిక్కులేని పిల్లలు' అనే అర్థం వచ్చేలా మాట్లాడతాడు. అక్కడుండే కుర్రాడు మార్కస్ ముఖం మారిపోతుంది. జాలి ఎంత తేలిగ్గా అవమానం అవుతుందో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. రెండోది అక్కడి అమ్మాయి జేడెన్ చదివి వినిపించే ఆక్టోపస్ కథ. తనకు ఇంట్లో ఏం జరిగిందో ఆ పిల్ల ఎక్కడా నేరుగా చెప్పదు, జంతువుల కథగా చెబుతుంది. వింటున్న సిబ్బంది గ్రేస్ 'నీకు ఇలా జరిగిందా' అని మీద పడి అడగదు. దాన్ని గమనించమనండి.

మిగతా సినిమా మొత్తం వేయొద్దు. ఆత్మహత్యాయత్నం ఉంది, రేటింగ్ 'ఆర్'. ఇంకో తప్పు కూడా చర్చలో పెట్టండి: గ్రేస్ రాత్రిపూట బేస్‌బాల్ బ్యాటుతో ఆ పిల్ల తండ్రి ఇంట్లో దూరుతుంది. చూసేవాళ్లు మనసులో చప్పట్లు కొడతారు. నిజంగా ఏ సిబ్బంది అలా చేసినా ఉద్యోగం పోతుంది, పిల్ల కేసు కూడా దెబ్బతింటుంది.

సబ్‌టైటిల్
హద్దులు అనగానే సిస్టమ్ క్రాషర్‌లో బెన్నీకి తోడుగా పెట్టిన పనివాడు మీహా. బెన్నీని మూడు వారాలు కరెంటు లేని అడవి గుడిసెకు తీసుకెళ్తాడు. నాటకీయంగా ఎక్కడా విజయం రాదు, కానీ కొంచెం దగ్గరవుతారు. అక్కడే వచ్చింది చిక్కు. ఆ పిల్లని కాపాడేది నేనే అన్న ఊహలో పడ్డానని గ్రహించి వెనక్కి తగ్గాలనుకుంటాడు. బెన్నీకి మాత్రం అది ఇంకో మనిషి వదిలేసి వెళ్లడమే. పనిచేసేవాడి ధర్మం ఒకటి, పిల్లకు కనబడేది ఇంకొకటి. సోషల్ వర్కర్ ఏడ్చేస్తే బెన్నీయే ఓదార్చే సీన్ కూడా ఉంది. అందులో విలన్ ఎవరూ లేరు, చోటే దొరకడం లేదు.

డార్డెన్ సోదరుల కిడ్ విత్ ఎ బైక్ (2011, 87 నిమిషాలు) కూడా చూడండి. తండ్రి వదిలేసిన పిల్లాడు సిరిల్ పరిచయం లేని ఆవిడను పట్టుకుని వేలాడితే, 'పట్టుకో, కానీ ఇంత గట్టిగా కాదు' అన్నట్టు చెబుతుంది. పెంపకం గురించి నేను చూసిన మాటల్లో ఇంతకంటే ఉపయోగపడేది లేదు. ఆమె ఎందుకు పెంచుకుంటుందో సినిమా చివరి వరకూ చెప్పదు, మంచిపని చేసింది.

మూడోవరుస
పెద్దలకు సరిపోయింది. పిల్లలకి ఎప్పుడు చెప్పాలన్న విషయం మీద తెలుగులో చూపించగలిగేది ఏమైనా ఉందా? సబ్‌టైటిల్స్ అందరూ చదవలేరు.

వానాకాలం
అమృత. మణిరత్నం తమిళంలో 2002లో తీసిన 'కన్నత్తిల్ ముత్తమిట్టాల్', తెలుగు డబ్బింగ్ పేరు అమృత. తొమ్మిదో పుట్టినరోజున పిల్లకి నిజం చెబుతారు. చెప్పిన మనుషులు మంచివాళ్లు, చెప్పిన పద్ధతి కూడా నెమ్మదిగానే ఉంది, అయినా పిల్ల కింద నేల కదిలిపోతుంది. కారణం మాటల్లో లేదు, ఆలస్యంలో ఉంది. ఈ రంగంలో ఇప్పుడిచ్చే సలహా: పిల్లకి మాటలు రాకముందు నుంచే ఆ మాట ఇంట్లో వాడుకలో ఉండాలి, 'ఫలానా రోజు తెలిసింది' అని గుర్తుండకూడదు. ముక్కగా వేయవలసింది చెప్పే సీన్ కాదు, ఆ తర్వాత పిల్ల వేసే ప్రశ్నలు. ఆ పిల్లగా చేసిన పి.ఎస్. కీర్తనకు జాతీయ ఉత్తమ బాలనటి అవార్డు ఊరికే రాలేదు.

చివరి భాగం, శ్రీలంకలో కన్నతల్లిని కలవడం, తరగతికి వద్దు. వెతికితే దొరుకుతుంది, అడిగితే జవాబు వస్తుంది అనే ఆశ కలుగుతుంది. దానికి విరుగుడుగా రిటర్న్ టు సోల్ (2022) చూడమనండి: ఫ్రాన్స్‌లో పెరిగిన కొరియా అమ్మాయి. ఏజెన్సీ కన్నవాళ్లకు టెలిగ్రాం పంపుతుంది, తండ్రి వెంటనే వస్తాడు, తల్లి అప్పుడు రాదు. వచ్చిన తండ్రితో ఎలా వేగాలో తెలియదు. కథ ఎనిమిదేళ్లు సాగుతుంది, సర్దుకోదు.

మన సినిమాలు యశోద–దేవకి కాలం నుంచి 'కన్నదా, పెంచినదా' అనే తక్కెడ పట్టుకుని కూర్చున్నాయి. తక్కెడలో ఇద్దరు తల్లులు ఉంటారు. పిల్ల ఎక్కడా ఉండదు.

చిన్నక్షరం
వద్దనే జాబితాలో మొదటిది ఆర్ఫన్ (2009). పెద్ద వయసు పిల్లని దత్తత తీసుకుంటే ఇంటిల్లిపాదీ ప్రమాదంలో పడతారన్న భయంతో వ్యాపారం చేసిన హారర్. ట్రైలర్‌లో దత్తపిల్లని సొంతపిల్లలా ప్రేమించడం కష్టమనే అర్థం వచ్చే మాట ఉంటే, దత్తత సంఘాలు అభ్యంతరం చెప్పాక నిర్మాణసంస్థ తీసేసింది. సినిమా మాత్రం అలాగే ఉంది.

డాక్యుమెంటరీలలో త్రీ ఐడెంటికల్ స్ట్రేంజర్స్ (2018) అందరూ సిఫారసు చేస్తారు. 1961లో పుట్టిన ముగ్గురు కవలల్ని న్యూయార్క్‌లో ఒక ఏజెన్సీ చెప్పకుండా మూడు ఇళ్లకు పంచి, పరిశోధన పేరుతో ఏళ్ల తరబడి గమనించింది. ఆ కాగితాలు ఇప్పటికీ యేల్ విశ్వవిద్యాలయంలో తాళంలో ఉన్నాయి, పూర్తిగా 2060ల వరకూ తెరుచుకోవు. పుట్టుక వివరాలు దాచడం ఎంత అన్యాయమో చెప్పడానికి గొప్ప సినిమా. కానీ ముగ్గురిలో ఒకరి ఆత్మహత్యకు పెంపకమే కారణమన్నట్టు చివర్లో మొగ్గు చూపుతుంది, అంత తేల్చే ఆధారం సినిమాలో లేదు. వేస్తే మొదటి సగమే.

మూడోవరుస
పిల్లల తరగతికి మై లైఫ్ యాజ్ ఎ జుకీనీ అనుకున్నాను. బొమ్మల సినిమా, గంట దాటి కొన్ని నిమిషాలే.

నీలిగోడ
ఎనిమిదేళ్లవాళ్లకు వద్దండీ. బొమ్మలని పిల్లల సినిమా అనుకుంటారు. మొదటి పది నిమిషాల్లోనే తాగిన తల్లి అటక మెట్ల మీంచి పడి చనిపోతుంది, దానికి కారణం తానేనని పిల్లాడికి లోలోపల తెలుసు. పిల్లాడు చేరిన అనాథాశ్రమంలో సైమన్ అనే కుర్రాడు, అక్కడున్న ఒక్కొక్కరూ ఎందుకు వచ్చారో ఏకరువు పెడతాడు, అందులో లైంగిక హింస ప్రస్తావన ఉంది. పన్నెండు దాటినవాళ్లకు, పెద్దలకు మాత్రం రత్నం. పిల్లలు రోజూ తమ మనసు ఎండగా ఉందో మబ్బుగా ఉందో గోడమీద పెట్టే వాతావరణ పటం ఉంటుంది. ఆ పటాన్ని మీ తరగతికి ఎత్తుకొచ్చేయండి, సినిమా వేయకుండానే.

డెస్పికబుల్ మీ (2010) కూడా వద్దు. అందరూ నవ్వుతారు గానీ మధ్యలో ముగ్గురు పిల్లల్ని అనాథాశ్రమానికి తిరిగి అప్పగించే సీన్ ఉంది. 'తిరిగి ఇచ్చేయొచ్చు' అన్నదే ఆ గదిలోని పిల్లల అసలు భయం.

మిగిలినవి రెండు: లిలో అండ్ స్టిచ్ (2002 నాటిది, అక్క చెల్లెల్ని పెంచే కథ, కొత్త దానిలో ముగింపు మార్చేశారు కాబట్టి తేడా చూసుకోండి), కుంగ్‌ఫూ పాండా 2. దత్తత వచ్చినవాళ్లకయితే పాండాయే. తల్లి పసివాడైన పోను ముల్లంగి పెట్టెలో దాచి, తోడేళ్లను తనవైపు లాక్కుంటూ పరిగెత్తే సీన్ చివరి మూడో భాగంలో వస్తుంది. వదిలేయడం వేరు, కాపాడటానికి విడిచిపెట్టడం వేరు అని చూపుతుంది. అయితే జాగ్రత్త: ప్రతి కన్నతల్లీ ఇలాగే చేసిందని ఎవరూ పిల్లలకు హామీ ఇవ్వకూడదు. నిజం వేరే అయినప్పుడు ఆ హామీ తిరగబడుతుంది.

చిన్నక్షరం
వేసే పద్ధతి కూడా చెప్పుకుందాం, సగం పొరపాట్లు అక్కడే.

ముందు మీరు రెండుసార్లు చూడండి. రెండోసారి కళ్లు మూసుకుని వినండి. తలుపు దబాలున పడటం, పోలీసు సైరన్, పక్కగదిలో అరుపులు: కళ్లకు మామూలుగా ఉన్న సీన్లో చెవికి తగిలేవి ఇవి. డజ్ ద డాగ్ డై అనే వెబ్‌సైటులో ఏ సినిమాలో ఏ ట్రిగ్గర్ ఉందో ప్రేక్షకులే నమోదు చేస్తారు, మొదటి వడపోతకు పనికొస్తుంది. దాన్నే నమ్ముకోకండి.

రెండు రోజుల ముందు పెంచేవాళ్లకు అరపేజీ పంపండి: కథ, బరువైన సీన్లు, ముగింపు. పిల్లలకు కూడా ముగింపు చెప్పేయండి. ఏం జరుగుతుందో తెలియని ఉత్కంఠ మామూలు ప్రేక్షకుడికి సరదా, వీళ్లలో కొందరికి అదే శిక్ష. గది పూర్తిగా చీకటి చేయకండి, తలుపు తీసి ఉంచండి, తలుపు దగ్గరి కుర్చీ ఎవరు అడిగితే వాళ్లకివ్వండి. ప్రతి పిల్ల చేతిలో ఒక అట్టముక్క. ఎత్తితే సినిమా ఆగుతుంది, ఎందుకని అడగరు. ఊరికే పరీక్షించడానికి ఎత్తేవాళ్లు ఉంటారు. అప్పుడూ ఆపాలి. ఆగుతుందని తెలిశాకే కుదురుగా చూస్తారు.

అయ్యాక గుండ్రంగా కూర్చోబెట్టి 'నీకేమనిపించింది' అని వరసగా అడగకండి. ఇరవై నిమిషాలు కాగితాలు, రంగులు. మాట వస్తే పో గురించే: 'పింగ్ ముందే చెప్పాల్సిందా?' పిల్ల తనంతట తాను పో నుంచి 'నేను'కు వస్తే వినండి, మీరు తోయకండి. అప్పటిదాకా దత్తత సంగతి తెలియని పిల్ల ఒక్కరున్నా ఆ తరగతిలో కూర్చోబెట్టొద్దు. సినిమాతో చెప్పించే పని ఎవరూ పెట్టుకోవద్దు. తర్వాత రెండు మూడు రాత్రులు నిద్ర, పక్క తడపడం, తిండి దాచుకోవడం గమనించమని పెద్దలకు చెప్పి పంపండి.

ఇంకోటి. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. బయట గుంపుకు ప్రదర్శించాలంటే వేరే అనుమతి కావాలి. కొన్ని డాక్యుమెంటరీలకు చదువు కోసం ఉచితంగా ఇస్తారు, కథాచిత్రాలకు హక్కుదారుల్ని అడగాలి.

మూడోవరుస
ఇదీ వరస: ఒకటి, ఇన్‌స్టంట్ ఫ్యామిలీ రెండు ముక్కలు, విచారణ దగ్గర ఆపు. రెండు, షార్ట్ టర్మ్ 12 రెండు ముక్కలు, అమృతలో ప్రశ్నలు. మూడు, జాన్ పది నిమిషాలు, సిస్టమ్ క్రాషర్‌లో గుడిసె. నాలుగు, పాండా. ఆపాల్సిన సమయాలు నిమిషాలతో సహా రాసి పెట్టుకుంటున్నాను.

సబ్‌టైటిల్
నిమిషాలు రాయకండి. ఒకే సినిమా డిస్కుకీ ఓటీటీకీ సమయాలు కలవవు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25కి పరిగెత్తించిన పాత యూరప్ డిస్కుల్లో గంట సినిమా 57 నిమిషాల 36 సెకన్లకే అయిపోతుంది. ముందు కంపెనీల బొమ్మలు, హెచ్చరికలు కలిస్తే ఇంకా జరుగుతుంది. ఆపాల్సిన చోటును ఒకటి రెండు నిమిషాలు దాటి పోతారు. దానికి బదులు ఆఖరి డైలాగూ, ఆ తర్వాత వచ్చే షాటూ రాసుకోండి. జాన్ చిత్రానికైతే తల్లి గది తలుపు దగ్గర కనబడినప్పటి నుంచి రిమోట్ చేతిలో పట్టుకోండి.